అండర్-19 అయిపోయినాక మన ఆట యాడికి పోతాది?

పోస్టు కొంచెం పెద్దదే. బస్సులో పోతా ఉంటేనో, రాత్రి అన్నం తిన్నాకనో నిమ్మళంగా చదవండి.

ఈ గ్రూపులో మనం ఎక్కువగా స్కాలర్‌షిప్పులు, హాస్టల్ సీట్లు, కుల ధ్రువీకరణ పత్రాలు, నోటిఫికేషన్ల గురించే రాసుకుంటాం. అవి కావాల్సిందే, కాదనం. ఈసారి మాత్రం ఎవరూ అడగని సంగతి ఒకటి రాస్తా ఉండాం. మనలో చానామంది చిన్నప్పుడు ఆట ఆడినోళ్లం. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు పందెం. జోన్ దాకా పోయినోళ్లు ఉండారు, జిల్లా దాకా పోయినోళ్లు ఉండారు, రాష్ట్రానికి ఆడినోళ్లూ ఉండారు. ఆట ఆగిపోయింది సరే, గెలవాలనే ఆ కసి ఏమైంది? అదేమన్నా బూట్లతో పాటు ట్రంకు పెట్టెలో పెట్టేసి వచ్చేదా?

మేమంటే పాత చిత్తూరు జిల్లాలోని గిరిజన గురుకులాల్లో, హాస్టళ్లలో ఉండి చదివి, తర్వాత డిగ్రీకో పీజీకో తిరుపతికి వచ్చినోళ్లం. మాలో యానాదులు ఉండారు, ఎరుకలోళ్లు ఉండారు, సుగాలీలు ఉండారు. అందరిలోకీ చిన్నోడికి 26 ఏళ్లు, పెద్దాయనకి 38. ఒకరు సచివాలయంలో పని, ఇద్దరు శ్రీసిటీలో షిఫ్టులు, ఒకాయన సొంత ఆటో, ఒక అక్క అంగన్‌వాడీ టీచరు. కొంతమంది ఇంకా డీఎస్సీకీ గ్రూప్స్‌కీ చదవతా ఉండారు. ఏడాదిగా మేము ఆదివారం పూట కలిసి ఆడతా ఉండాం. ఆడినాక టీ తాగతా మాట్లాడుకున్న మాటలే ఇక్కడ రాస్తా ఉండాం.

ముందు ఆ కసి మనలో అంత గట్టిగా ఎందుకు ఉందో చెప్పుకోవాల. ప్రతి పిలకాయకీ గెలవాలని ఉంటాది. కానీ మన పిలకాయలకి మైదానం ఇంకొకటి కూడా ఇచ్చింది. గురుకులంలో చేరేదాకా మనల్ని పక్కోడితో సమానంగా నిలబెట్టి కొలిచిన చోటు ఏదీ లేదు. ఊళ్లో మన కులం పేరే తిట్టుగా వాడతారు. తరగతిలో ఇంగ్లీషు వచ్చినోళ్లు ముందు బెంచీ, రానోళ్లు వెనక బెంచీ. కబడ్డీ కోర్టు చూడండి. మగవాళ్లకి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అందరికీ అదే కొలత. కూతకి పోతే 30 సెకన్లే, కలెక్టరు కొడుకైనా, పందుల మేపుకునేవాళ్ల కొడుకైనా. కాలు గీత దాటితే ఔట్, దాటకపోతే పాయింటు. ఇంటిపేరు అడిగి పాయింటు ఇచ్చే రిఫరీ ఉండడు.

ఇంకో మాట. మన పెద్దోళ్ల కాలంలో పరుగెత్తడం అంటే అనుమానం. ఎరుకల లాంటి తెగల్ని బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం కింద పెట్టి, పోలీసుల దగ్గర హాజరు వేయించుకోకుండా ఊరు కదలకూడదన్నారు. ఆ చట్టం పోయింది 1952లో. అంటే మన తాతలు చూసిన కాలమే. పరుగెత్తితే దొంగ అనిపించుకున్న ఇళ్లలో నుంచి వచ్చిన పిలకాయ 400 మీటర్లు పరుగెత్తితే జనం చప్పట్లు కొట్టినారు, మైకులో పేరు పిలిచినారు, ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టినారు. ఆ చప్పట్లు ఒక్కసారి విన్న చెవులు ఊరికే ఉండవు. అందుకే మనకి ఆట వదలడం అంత సులభం కాదు.

కానీ ఆటే మనల్ని వదిలేస్తాది. స్కూలు ఆటల్లో అండర్-14, అండర్-17, అండర్-19 అని మెట్లు ఉంటాయి. డిగ్రీలో చేరి యూనివర్సిటీ జట్టులోకి వస్తే 25 ఏళ్ల దాకా ఇంకో మెట్టు. ఆ తర్వాత మెట్లు లేవు. సీనియర్స్‌లో రాష్ట్ర జట్టుకి ఎంపికయ్యేది పన్నెండు మందో పద్నాలుగు మందో. మిగతా వేలమందికి ఒకరోజు పొద్దున లేచేసరికి మ్యాచ్ ఉండదు. దానికి వీడ్కోలు సభ కూడా ఉండదు. ఆఖరి మ్యాచ్ ఆడతా ఉన్నామని ఆ రోజు మనకి తెలియదు కూడా.

మరి ఆ కసి యాడికి పోయింది అని మాలో మేము లెక్క వేసుకున్నాం. నాలుగు దారులు కనిపించినాయి.

మొదటి దారి నోటిఫికేషన్. తెల్లారి అయిదుకి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండుకి పోయి చూడండి, సగం మంది పోలీసు ఉద్యోగానికి పరుగెత్తేవాళ్లే ఉంటారు. కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్లు మగవాళ్లు 8 నిమిషాల్లో, ఆడవాళ్లు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాల. ఆట ఆడినోడికి ఇది దేవుడిచ్చిన వరం లాగా అనిపిస్తాది. గడియారం ఉంది, గీత ఉంది, పందెం ఉంది. కానీ తేదీ లేదు. 6,100 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది 2022 నవంబరులో. ప్రిలిమ్స్ 2023 జనవరిలో. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు ఆఖర్లో. తుది రాతపరీక్ష 2025 జూన్‌లో. ప్రిలిమ్స్ అయినాక పరుగు పందెం కోసం దాదాపు రెండేళ్లు కాళ్లు సిద్ధంగా పెట్టుకుని కూర్చోవాల. ఆటగాడికి సీజన్ ఎప్పుడో తెలుస్తాది. ఎప్పుడు బరువు పెంచాలో, ఎప్పుడు కాళ్లకి విశ్రాంతి ఇవ్వాలో చూసుకుంటాడు. సీజన్ ఎప్పుడో తెలియకుండా రెండేళ్లు రోజూ ఆఖరి రౌండు పరుగెత్తినట్టు పరుగెత్తితే మోకాలు పోతాది, మనసూ పోతాది. ఉద్యోగానికి పరుగెత్తొద్దు అనడంలేదు. కసి మొత్తం తీసుకుపోయి ఆ ఒక్క తేదీకే కట్టేయొద్దు అంటా ఉండాం.

రెండో దారి ఫోను. సాయంత్రం టీమ్ పెట్టడం, రాత్రికి పోగొట్టుకోవడం, పొద్దున మళ్లీ పెట్టడం. ఆంధ్రాలో 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధిస్తా చట్టం మార్చినారు. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతా నిషేధిస్తా పార్లమెంటు చట్టం చేసింది. అయినా దొంగదారులు ఉండాయి, బెట్టింగులు ఉండాయి. దీంట్లో ఎక్కువగా పడేది ఎవరో గమనించినారా? ఒకప్పుడు బాగా ఆడినోళ్లే. ఎందుకంటే ఓడిపోతే తిరిగి కొట్టాలనే అలవాటు వాళ్ల ఒంట్లో ఉంది. కోర్టులో ఆ అలవాటు పాయింట్లు తెచ్చింది. ఫోనులో అదే అలవాటు అప్పులు తెస్తాది. అక్కడ మనకి ఎదురుగా సమానమైన ఆటగాడు ఉండడు, ఒక లెక్కల మిషను ఉంటాది. దానికి అలుపు రాదు.

మూడో దారి పోల్చుకోవడం. వాడికి ఉద్యోగం వచ్చింది, వీడు బుల్లెట్ బండి కొన్నాడు, ఆయన తిరుపతిలో ప్లాటు తీసుకున్నాడు. ఇదీ పోటీయే, కానీ గీతలు లేని పోటీ. ఎక్కడ మొదలైందో తెలియదు, ఎప్పుడు అయిపోతాదో తెలియదు. అవతలోడికి తాను నీతో పోటీ పడతా ఉన్నట్టు కూడా తెలియదు. విజిల్ లేని మ్యాచ్ అది. మన తెగల పిలకాయలు డిగ్రీ దాకా వచ్చేదే తక్కువ మంది. ఆ తక్కువ మందిలో ఒకరిని చూసి ఒకరు కుళ్లుకుంటే ఇంక మిగిలేది ఏముంది?

నాలుగో దారి ఆడపిల్లలది. దాన్ని దారి అనలేం, అది గోడ. ఖోఖోలో పోల్ దగ్గర డైవ్ కొట్టి లేచి, మోచేతి రక్తం లంగాకి తుడుచుకుని మళ్లీ పరుగెత్తిన అక్కలు మాకు తెలుసు. పెళ్లయినాక వాళ్లు పరుగెత్తింది బస్సు కోసమే. మగవాళ్లం కనీసం చెట్టు కింద వాలీబాల్ నెట్టు కట్టుకుంటాం. ఆడోళ్లకి ఆ నెట్టు కూడా లేదు. ఆడాలని ఉంది అని ఇంట్లో అంటే నవ్వుతారు. ఇద్దరు బిడ్డల తల్లికి ఆటేంది అంటారు.

ఈ నాలుగు దారులూ చూసినాక ఒక ప్రశ్న వేసుకున్నాం. మనకి అసలు కావాల్సింది ఏంది? గెలుపేనా? మా లెక్క ప్రకారం గెలుపు ఒక్కటే కాదు. బలహీనమైన జట్టుని 40 పాయింట్ల తేడాతో కొట్టిన మ్యాచ్ ఎవరికీ గుర్తులేదు. గట్టి జట్టుతో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయిన మ్యాచ్ మాత్రం అందరికీ కూత కూతకీ గుర్తుంది. మనకి కావాల్సినవి మూడు. ఒకటి, మన సమానం ఎదురాట. రెండు, ఇక్కడితో అయిపోయింది అని చెప్పే విజిల్. మూడు, వచ్చే వారం ఇంకో మ్యాచ్ ఉంది అనే ధైర్యం. ఈ మూడూ ఉంటే ఓడిపోయినా నిద్ర పడతాది. ఈ మూడూ లేకపోతే గెలిచినా పట్టదు. నోటిఫికేషన్‌లో విజిల్ లేదు, ఫోనులో సమానం లేదు, పోల్చుకోవడంలో మూడింటిలో ఒక్కటీ లేదు.

పెద్దోళ్ల నుంచి నేర్చుకోవాల్సింది కూడా ఇక్కడే ఉంది. జైపాల్ సింగ్ ముండా పేరు గ్రూపులో చానాసార్లు వచ్చింది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన భారత హాకీ జట్టుకి కెప్టెన్‌గా పోయిన ముండా బిడ్డ ఆయన. హాకీతోనే ఆగిపోయి ఉంటే మనం ఒక ఫోటో పెట్టుకుని దండం పెట్టేవాళ్లం. ఆయన 1939లో ఆదివాసీ మహాసభకి అధ్యక్షుడైనారు, తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుని ఆదివాసీల తరఫున గట్టిగా మాట్లాడినారు. ఆయన అడిగిన జార్ఖండ్ వచ్చింది 2000లో, ఆయన పోయిన 30 ఏళ్లకి. హాకీలో నేర్చిన పట్టు రాజ్యాంగ సభలో పనికొచ్చింది అని మేము అనుకుంటాం. ఎదుటి జట్టు పెద్దదైతే ఏం చేయాలో ఆటగాడికి తెలుసు కదా.

మన తెలుగు పిల్ల మాలావత్ పూర్ణని చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి గురుకులంలో చేరి, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకి 13 ఏళ్ల 11 నెలలు. పదమూడేళ్లకే ప్రపంచంలో అన్నింటికంటే ఎత్తైన చోట నిలబడితే, ఆ తర్వాత ఏ ఎత్తు కనిపిస్తాది? ఆమె ఒక పట్టీ రాసుకున్నట్టు ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలు ఒక్కొక్కటిగా ఎక్కతా పోయింది. 2022లో ఆ ఏడూ పూర్తయినాయి. ఎనిమిదేళ్లు. ఇక్కడ మనకి కావాల్సింది శిఖరాలు కాదు, ఆ పట్టీ. ఒకటి అయిపోయినాక ఇంకొకటి ముందే రాసి ఉండడం.

మనందరం జైపాల్ సింగ్‌లూ పూర్ణలూ అయ్యేది లేదు, అక్కర్లేదు కూడా. ఈఎంఐలు ఉండాయి, బిడ్డల ఫీజులు ఉండాయి, నైట్ షిఫ్టులు ఉండాయి. మన కొలతలో ఏం చేయొచ్చో చెప్పుకుందాం.

2023 డిసెంబరు 26 నుంచి 2024 ఫిబ్రవరి దాకా ప్రభుత్వం ఆడుదాం ఆంధ్రా అని పెట్టింది గుర్తుందా? రాజకీయం పక్కన పెట్టండి. ఆ పోటీల్లో మాకు నచ్చిన సంగతి ఒక్కటే. 15 ఏళ్లు దాటినోళ్లు ఎవరైనా ఆడొచ్చు అన్నారు, పైన వయసు గీత పెట్టలేదు. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. సచివాలయం దగ్గర మొదలుపెట్టి విశాఖలో ఫైనల్స్ దాకా. మా అంగన్‌వాడీ అక్క అప్పుడు పదకొండేళ్ల తర్వాత ఖోఖో ఆడింది. మొదటి మ్యాచ్‌లోనే వాళ్ల జట్టు ఓడిపోయింది. మర్నాడు మంచం మీద నుంచి లేవలేకపోయింది. కానీ ఆ వారం అంతా ఆమె మొహం చూడాల! తన పేరు పెట్టి పిలిచి ఖో ఇచ్చినారంట. అత్తగారింట్లో పెద్దకోడలు అనీ, సెంటర్లో టీచరమ్మ అనీ పిలవడమేగానీ, పేరు పెట్టి గట్టిగా అరిచి పిలిచి ఎన్నేళ్లయిందో అని చెప్పింది. మేము ఆదివారం మ్యాచ్ మొదలుపెట్టడానికి ఆ మాటే కారణం. ప్రభుత్వం పెడితేనే ఆడాలా, మనం పెట్టుకోలేమా అనిపించింది.

మేము పెట్టుకున్న రూల్స్ రాస్తా ఉండాం. మీకు నచ్చితే తీసుకోండి.

1. డబ్బు పందెం లేదు. ఓడిన జట్టు వచ్చే వారం ముందొచ్చి గీతలు గీయాల, మట్టి మీద నీళ్లు చల్లాల. గెలిచిన జట్టు టీ ఇప్పించాల. ఓడినోళ్ల పనే మంచిది అని కొందరు అంటారు, అది వేరే సంగతి.

2. జట్లు ప్రతి నెలా మారస్తాం. బరువు, వయసు, పాత ఆట చూసి సమానంగా పంచతాం. ఒకే జట్టు వరుసగా మూడుసార్లు గెలిస్తే పంపకం తప్పు అని లెక్క.

3. రిఫరీ మాటే ఆఖరి మాట. ఆ వారం ఒంట్లో బాగలేనోళ్లు రిఫరీ. ఫోన్లో వీడియో చూసి వాదించేది లేదు.

4. స్కోరు పుస్తకం ఉంది. మామూలు రూళ్ల పుస్తకమే. ఎవరు ఎన్ని కూతలకి పోయినారు, ఎన్ని తెచ్చినారు, అన్నీ రాస్తాం. దీని మహిమ మీకు చెప్పినా నమ్మరు. 38 ఏళ్ల మా అన్న పోయిన నెల కంటే రెండు పాయింట్లు ఎక్కువ తెస్తే అండర్-17లో సెలెక్ట్ అయినట్టు ఎగిరినాడు.

5. నెలలో ఒక ఆదివారం ఆడోళ్ల ఖోఖోకే గ్రౌండు. ఆ రోజు పిల్లకాయల్ని ఎత్తుకుని బయట కూర్చునేది మొగుళ్లు, అన్నదమ్ములు. ఇది రూలే, సాయం అనుకోవద్దు.

6. పదిహేను నిమిషాలు ఒళ్లు కాగేదాకా వార్మప్ చేయనోళ్లకి కోర్టులోకి ప్రవేశం లేదు.

ఆరో రూలు గురించి రెండు మాటలు. ఇరవై ఏళ్ల మనసు ముప్పై అయిదేళ్ల మోకాలికి ఆర్డర్లు వేస్తే మోకాలు వినదు. కబడ్డీలో చీలమండ పట్టుకుని తిప్పితే లోపల లిగమెంట్ తెగుతాది. తెగినాక తిరుపతిలో బర్డ్ ఆసుపత్రికో రుయాకో పోయి వరసలో కూర్చోవాల, కూలి నష్టం వేరే. రోజుకూలి మీద బతికేవాళ్లకి ఒక్క మోకాలు అంటే నాలుగు నెలల బియ్యం. అందుకే పాత దెబ్బలు ఉన్నోళ్లు కబడ్డీ వదిలి వాలీబాల్‌కి మారండి. దాంట్లో సిగ్గు లేదు.

జట్టు దొరకనోళ్లు, షిఫ్టులు కుదరనోళ్లు గడియారంతో ఆడొచ్చు. మాలో ఒకడు నెలకోసారి శ్రీవారి మెట్టు ఎక్కతాడు. శ్రీనివాసమంగాపురం పక్క నుంచి 2,388 మెట్లు. ఎక్కే ముందు టైము చూసుకుంటాడు, పైన చూసుకుంటాడు, పుస్తకంలో రాసుకుంటాడు. అది భక్తుల దారి, అక్కడ పక్కోళ్లతో పందెం పెట్టకూడదు, మోకాళ్లతో ఎక్కే ముసలమ్మకి దారి ఇవ్వాల. పోటీ అంతా తన పోయిన నెల టైముతోనే. ఇంకా పెద్దగా చూడాలంటే ప్రపంచంలో మాస్టర్స్ అథ్లెటిక్స్ అని ఉంది, 35 ఏళ్లు నిండినాకే మొదలవుతాది, అయిదేళ్లకో గుంపుగా పెడతారు. చండీగఢ్‌కి చెందిన మన్ కౌర్ అనే అవ్వ 93 ఏళ్లకి పరుగు మొదలుపెట్టి, 101 ఏళ్ల వయసులో 2017లో ఆక్లాండ్‌లో 100 మీటర్లు పరుగెత్తి పతకం తెచ్చింది. మనం 30కే ముసిలోళ్లం అయిపోయినాం అనుకుంటా ఉండాం.

ఆఖరిది, నేర్పించడం. ఆట బాగా తెలిసినోళ్లు పీఈసెట్ రాసి బీపీఈడీ చేయొచ్చు. దాంట్లో పరుగు, జంప్, షాట్‌పుట్, ఆటలో నైపుణ్యం చూస్తారు. పాటియాలాలోని ఎన్ఐఎస్‌లో ఆరు వారాల కోచింగ్ సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. అంత దూరం పోలేనోళ్లు మీ తండాలో, కాలనీలో సాయంత్రం ఒక గంట పిలకాయలకి గీతలు గీసి ఆడించండి. ఒక్క జాగ్రత్త మాత్రం. మనకి రాని సెలెక్షన్ వాళ్లకి రావాల అని వాళ్ల మీద పడొద్దు. మన కసి తీర్చడానికి వాళ్ల కాళ్లు అరువు తీసుకోకూడదు. మన కసికి మన ఆదివారం ఉంది కదా, అక్కడ తీర్చుకుని వాళ్ల దగ్గరికి చల్లగా పోదాం. అప్పుడే పిలకాయ ఓడి వచ్చినా భుజం మీద చెయ్యి వేయగలం.

అన్నలారా, అక్కలారా, పోటీ తత్వం చెడ్డది, వయసొచ్చినాక వదిలేయాల అని చెప్పేవాళ్లు చానామంది ఉంటారు. మేము ఆ మాట ఒప్పుకోం. గురుకులం మనకి ఇచ్చిన వాటిలో సర్టిఫికెట్టు తర్వాత గట్టిది అదే. దాన్ని ఆకలితో పెట్టినా, కనపడిన గడ్డి అంతా తిననిచ్చినా మనకే నష్టం. వారానికి ఒక పూట సరైన ఆట పెడితే, మిగతా ఆరు రోజులు అది మన పని మనల్ని చేసుకోనిస్తాది. మా డీఎస్సీ బ్యాచ్ పిలకాయలు కూడా ఇదే చెప్తా ఉండారు. ఆదివారం ఆడిన వారం సోమవారం పుస్తకం మీద కుదురుగా కూర్చుంటామని.

ఇప్పుడు మీ వంతు. కింద కామెంట్లో మూడు సంగతులు రాయండి. మీరు ఆడిన ఆట, మీ మండలం, మీకు కుదిరే పూట. తిరుపతి చుట్టుపక్కల వాళ్లని ఒక గుంపు చేస్తాం, చిత్తూరు వాళ్లని ఒక గుంపు, మదనపల్లె వాళ్లని ఒక గుంపు. ఏడుమంది దొరికితే కబడ్డీ జట్టు, తొమ్మిదిమంది దొరికితే ఖోఖో జట్టు. అక్కలు వెనక్కి తగ్గొద్దు, ముందు మీ పేర్లే రావాల. సంక్రాంతి సెలవుల్లో మూడు ఊళ్ల జట్లకీ ఒక రోజు మ్యాచ్‌లు పెడదాం. గీతలకి సున్నం, టీకి పాలు మా లెక్క. స్కోరు పుస్తకం ఒకటి కొత్తది కొని పెట్టినాం, మొదటి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.

జై ఆదివాసీ.